అచ్చొచ్చిన ఫైలు

పాపారావు పెన్‌డ్రైవ్ చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి తెస్తాడాయన. ఆ పసుపంతా నా కంప్యూటర్ సందులోకి రాలుతోందని ఎంత మొత్తుకున్నా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. యానాంలో నాది చిన్న జెరాక్స్ కొట్టు. పెళ్ళి కార్డులు, పెద్దకర్మ కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు చేస్తాను. పాపారావు దరియాలతిప్ప వైపు చేపల వేటకెళ్ళే వాళ్ళు పెట్టుకున్న గంగమ్మతల్లి సంఘానికి కార్యదర్శి. ఆయన పెన్‌డ్రైవ్‌లో ఉండేది ఒకటే ఫైలు. వేటకెళ్ళి తిరిగిరాని వాళ్ళ కోసం వేసే 'కనబడుటలేదు' కాగితం అది.

ఆ ఫైలుకో చరిత్ర ఉంది. ఒకప్పుడు తుఫానులో బుల్లబ్బాయి అనే ఆయన కొట్టుకుపోతే, పాపారావు స్వయంగా కూర్చుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆ కాగితం టైపు చేశాడు. కాగితం వెళ్ళిన మర్నాడే బుల్లబ్బాయి ఒడిశా ఒడ్డున ప్రాణాలతో దొరికాడు. అంతే, అది అచ్చొచ్చిన ఫైలైపోయింది. అప్పట్నించీ ఎవరు తప్పిపోయినా అందులోనే పాత పేరు చెరిపి కొత్త పేరు కొట్టాలి, పాత బొమ్మ తీసి కొత్త బొమ్మ పెట్టాలి. కొత్త ఫైలు తెరవడమంటే వాళ్ళకి పాడె కట్టడంతో సమానం. తరవాత దొరికిన వాళ్ళలో చాలామంది శవాలై దొరికారు. అయినా దొరికారు కదా అంటాడు పాపారావు. గంగమ్మ మనిషిని తిరిగివ్వడమే గొప్ప అని ఆ వీధుల్లో అందరూ అనుకుంటారు. అందులో వెక్కిరించడానికి నాకేమీ కనిపించలేదు.

గోదావరి వరద అప్పుడే తగ్గుముఖం పట్టింది. ఈసారి పాపారావు వెనకాల రామతులసి వచ్చింది. ఇరవై నాలుగో ఇరవై అయిదో ఉంటాయి ఆ పిల్లకి. జడ కూడా వేసుకోలేదు.

"మన చిన్నారావండీ, ఈ అమ్మాయి మొగుడు," అన్నాడు పాపారావు కుర్చీలో కూలబడుతూ. "వరదకి వల పోద్దని నావేసుకెళ్ళాడు. వద్దురా అంటే ఇన్లేదు. నావ తిరగబడి దొరికిందండీ. మనిషి లేడు."

"ఫొటో తెచ్చారా?" అన్నాను.

రామతులసి తల అడ్డంగా ఊపింది. "మొహం ఎందుకక్కా? ఇన్నాళ్ళు నీళ్ళలో ఉంటే మొహం ఉండదంట కదా. చేతి మీద పచ్చబొట్టు ఉంది. అది వెయ్యండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల గొంతు వణకలేదు. మంచినీళ్ళ సీసా ఇస్తే తాగకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది. ఇంట్లో అత్తగారు రమణమ్మ ఇంకా కొడుకు వస్తాడనే అన్నం తీసి మూత పెడుతోందట. కుక్క మొరిగితే లేచి తలుపు దగ్గరికి వెళ్తోందట.

"ఆవిడ సంగతి సరే, నీకేమనిపిస్తోందమ్మా?" అని అడిగాను.

"నాకు తెలుసక్కా. ఆయన లేడు. కానీ నేను చూడాల. ఎలాగున్నా పర్లేదు, ఎముకలైనా పర్లేదు, నేను చూసి నా చేత్తో సాగనంపుకోవాల. చూడకుండా బొట్టు తీసెయ్యమంటే తియ్యలేను. ఉంచుకోనూ లేను. అద్దం కాడికి ఎల్తే ఏం చెయ్యాలో తెలీటం లేదు."

వేటకెళ్ళే వాడి ఒంటి మీద ఏదో ఒక గుర్తు ఉండాలని అక్కడి తల్లులు పట్టుబడతారు. నీళ్ళు మొహాన్ని తినేసినా చర్మం లోపలి సిరాని అంత తొందరగా తినలేవని వాళ్ళ లెక్క. అలా పెళ్ళైన ఏడాది తీర్థంలో రమణమ్మ కొడుకుని పచ్చబొట్టు వాడి ముందు కూర్చోబెట్టింది. ఈ తీరంలో ఏ చెయ్యి చూసినా పడవ బొమ్మే ఉంటుంది కాబట్టి, తెరచాప ఉండాల్సిన చోట తులసి కొమ్మ వేయమని రామతులసి అడిగిందట. తులసి కొమ్మ గాలి ఎలా పడుతుందే పిచ్చిదానా అని చిన్నారావు నవ్వాడట. నవ్వుతూనే వేయించుకున్నాడు. ఆ పిల్ల కూడా తన ముంజేతి మీద అదే బొమ్మ వేయించుకుంది. మొగుడి చెయ్యి దొరకాలంటే మాకు దారి పెళ్ళాం చెయ్యే.

స్కానర్ మూత ఎత్తి, ఆ పిల్ల చేతిని అద్దం మీద బోర్లించాను. లైటు కిందుగా జరుగుతుంటే కళ్ళు మూసుకుంది. తెర మీదికి వచ్చిన ఆ బొమ్మ మీద నేను మౌసుతో ఒక్కో గీతా దిద్దాను. నా డిజైన్ సాఫ్ట్‌వేర్లో గీసేది చుక్కలతో చేసిన బొమ్మ కాదు, గీతల బొమ్మ. ఫొటోలాంటి చుక్కల బొమ్మని సాగదీస్తే పాత చీరలా పిగిలిపోతుంది. గీతల బొమ్మని గోరంత చేసినా గోడంత చేసినా అంచు చెదరదు. పడవ, పడవలోంచి లేచిన కాండం, అటూ ఇటూ రెండు రెమ్మలు, వాటి నిండా చిన్న చిన్న ఆకులు, పైన పూల వెన్ను. పడవా కాండం రెమ్మలూ లావు గీతలు. ఆకులూ వెన్నూ వెంట్రుకంత సన్నం. పూర్తయ్యాక రామతులసి తన చెయ్యీ తెరా మార్చి మార్చి చూసుకుని, "ఇదేనక్కా, ఇదే," అంది.

అక్కడిదాకా బాగానే ఉంది. బొమ్మని తీసుకెళ్ళి పాపారావు వర్డ్ ఫైల్లో పెట్టాను. నిక్షేపంలా కూర్చుంది. సేవ్ కొట్టి, మూసి, మళ్ళీ తెరిచాను. పచ్చబొట్టు బూజు పట్టినట్టు మసకగా ఉంది. ఆకులన్నీ పోయాయి.

నా చేతి పొరపాటేమోనని తీసేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. బొమ్మని వేరే రకంగా ఎగుమతి చేసి చేర్చి చూశాను. పెట్టగానే బంగారం, సేవ్ చేస్తే బొగ్గు. గీతలు మరీ సన్నమయ్యాయేమోనని ఆకుల్ని లావు చేస్తే అవి ఒకదానికొకటి అంటుకుని గోంగూర ముద్దలా తయారయ్యాయి. అది తులసి అని ఎవడూ అనడు. అప్పుడు ఆ ఫైలు పుట్టుపూర్వోత్తరాలు చూశాను. అది ఏ కాలం నాటి వర్డో. ఆ పాత రకం ఫైలుకి గీతల బొమ్మ అరగదు. సేవ్ కొట్టిన ప్రతిసారీ దాన్ని చుక్కల బొమ్మగా మార్చి దాచుకుంటుంది. చాలదన్నట్టు, ఈమెయిల్లో తేలిగ్గా వెళ్ళాలని ఎవరో ఆ ఫైల్లో బొమ్మలన్నిటినీ కుదించమని పెట్టి ఉంచారు. ఆ టిక్కు తీసేశాను. కొంచెం మెరుగుపడింది గానీ ఆకులు మాత్రం రాలేదు.

"దీన్ని కొత్త రకానికి మార్చాలి పాపారావు గారూ. ఒక్క నొక్కు," అని చెప్పి మార్చాను.

ఆ ఫైల్లో పైన గంగమ్మతల్లి బొమ్మా, దాని చుట్టూ ఇంద్రధనుస్సులా వంచిన అక్షరాల్లో సంఘం పేరూ ఉంటాయి. కొత్త రకానికి మారగానే ఆ వంపు కాస్తా విరిగి, అక్షరాలన్నీ జారి గంగమ్మ మొహం మీద పడ్డాయి. ఇలాంటివి నాకు రోజూ మామూలే, సర్దుకుంటే సరిపోతుంది. కానీ రామతులసి కుర్చీలోంచి లేచిపోయింది.

"అమ్మ మొహం కప్పడిపోయింది! తీసెయ్యండక్కా, ముందు తీసెయ్యండి!"

"అది సర్దుతానమ్మా. లేదంటే ఇదంతా ఎందుకు, ఇంతకన్నా అందంగా నేనే కొత్త ఫైలు..."

"కొత్తది వద్దు. అందులోనే చెయ్యండి. అందులో ఏసిన వాళ్ళందరూ వచ్చారంట కదా. ఎలాగో అలాగ వచ్చారు. నా మొగుడొక్కడూ రాకపోతే?"

పాపారావుతో అయితే తెల్లారేదాకా పోట్లాడగలను. ఆ పిల్లతో ఏం పోట్లాడతాను? పరీక్షల ముందు చర్చిలో కొవ్వొత్తి వెలిగించిన దాన్నే నేనూ. నా కొవ్వొత్తికో న్యాయం, ఆమె ఫైలుకో న్యాయమా? మారిన దాన్ని వెనక్కి తిప్పేశాను. గంగమ్మ మొహం మళ్ళీ బయటపడింది. రామతులసి రెండు చేతులూ జోడించింది.

అప్పుడో కిటుకు తట్టింది. పాడుచేస్తున్నది సేవ్ కొట్టడమే కదా. సేవ్ కొట్టకుండా ప్రింటు తీస్తే? బొమ్మ పెట్టి నేరుగా ప్రింటు ఇచ్చాను. కాగితం మీద ఒక్కో ఆకూ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా వచ్చింది. అలా ఓ కట్ట తీసి పాపారావు చేతిలో పెట్టాను.

"ఇవి అంటించండి. దూరం ఊళ్ళకి మాత్రం ఫైలు పంపొద్దు. ఈ కాగితాన్నే ఫోన్‌తో ఫొటో తీసి పంపండి. ఫైలు సేవ్ చేస్తే బొమ్మ పోతుంది. విన్నారా?"

"కాగితాన్ని ఫొటో తీసి పంపితే సంఘానికి పరువేటుంటదండీ? పై సంఘాల వాళ్ళందరికీ ఫైలే ఎల్లాలి. బుల్లబ్బాయికీ ఫైలే ఎల్లింది."

"పరువు చూసుకుంటారా, మనిషిని చూసుకుంటారా?"

పాపారావు కన్నా ముందే రామతులసి జవాబిచ్చింది. "ఫైలే పంపండి బాబాయ్."

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. సేవ్ కొట్టి, పసుపు పెన్‌డ్రైవ్ లాగి బల్ల మీద పెట్టాను. మసకబారినా పడవైతే తెలుస్తోంది కదండీ అంటూ పాపారావు దాన్ని జేబులో వేసుకున్నాడు. మంచి కాగితాలు యానాం రేవు గోడలకీ, దరియాలతిప్ప కరెంటు స్తంభాలకీ ఎక్కాయి. చిన్నారావుని పుట్టినప్పట్నించీ ఎరిగిన వాళ్ళు వాటిని చూసి నిట్టూర్చారు. మసక ఫైలు ఫోన్లెక్కి, ఉప్పాడ దాటి పైనున్న పల్లెలకి వెళ్ళింది. వరద నీళ్ళు మనుషుల్ని మోసుకెళ్ళేది కూడా అటే.

తరవాత అల్పపీడనం పట్టింది. రోజుల తరబడి ముసురు, గాలి, కరెంటు లేదు. కొట్టు తెరిచినా ఈగలు తోలుకోవడమే. రామతులసి రెండుమూడుసార్లు వచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, ఫోనేమైనా వచ్చిందా అక్కా అని అడిగి వెళ్ళిపోయింది. కాగితం కింద పాపారావు నంబరుతో పాటు నా నంబరు కూడా వేశాను.

ముసురు విడిచాక ఒక ఆదివారం పూజ అయి చర్చి మెట్లు దిగుతుంటే ప్రసన్న పట్టుకుంది. మా కోయిర్‌లో పాడే అమ్మాయి. ఫోను నా మొహం ముందు పెట్టింది.

"అక్కా, ఈయన మన చర్చి ఆయనేనా? పాపం. ఫాదర్ గారికి చెప్పి ప్రార్థన చేయిద్దామా?"

"మన చర్చి ఏంటే? ఇది గంగమ్మతల్లి సంఘం కాగితం. ఆయన చిన్నారావు."

"మరి పడవ మీద శిలువ ఉంది కదక్కా?"

ఫోను లాక్కుని చూశాను. ఫైలు ఎన్ని చేతులు మారిందో, ఎంతమంది దాన్ని మళ్ళీ మళ్ళీ కుదించి పంపారో తెలియదు. ఆకులు లేవు. వెన్ను లేదు. పడవ ఉంది, నిలువుగా కాండం ఉంది, అడ్డంగా అటో రెమ్మా ఇటో రెమ్మా ఉన్నాయి. పసిపిల్లాడినడిగినా శిలువనే చెప్తాడు. పుట్టినప్పట్నించీ మొక్కే ఆ గుర్తుని చూసి ఆ రోజు నా ఒళ్ళు జలదరించింది.

చర్చి బట్టల్లోనే కొట్టుకి పరుగెత్తాను. పాపారావునీ అడగలేదు, రామతులసినీ అడగలేదు. కొత్త ఫైలు తెరిచి, గీతల బొమ్మని పేజీ నిండా పెట్టి, కింద 'పడవలో తులసి కొమ్మ' అని పెద్ద అక్షరాలతో కొట్టి, ప్రింటు తీసి, ఆ ప్రింటుని ఫొటో తీసి, నాకు తెలిసిన ప్రతి నంబరుకీ పంపాను. పాత కాగితం ఎవరెవరికి చేరిందో వాళ్ళందరికీ ఇది చేర్చమని బతిమాలాను. మధ్యాహ్నం దాటకముందే ఫోను మోగింది.

"వీరభద్రరావునండీ, ఉప్పాడకి పైనుంచి. ఈ మొక్కున్న పడవ... ఈ చెయ్యి మేం చూశామమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. "మా ఒడ్డుకే వచ్చాడు. పూడ్చేశాం."

ఈ కబురు రామతులసికి ఎవరు చెప్పాలి? పాపారావు నా వల్ల కాదన్నాడు. నేనే వెళ్ళాను. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని వల బాగుచేస్తోంది. చెప్పాను. చేతిలో దారం కిందపెట్టి, "అయితే దొరికాడు," అంది. లోపల రమణమ్మకి వినపడి పెద్దగా శోకం మొదలుపెట్టింది. రామతులసి మాత్రం లేచి మొహం కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని, ఆయన పంచెలూ చొక్కా ఒక సంచిలో సర్దింది. తవ్వి తియ్యనిస్తారా అక్కా, తియ్యకపోయినా మట్టి తెచ్చుకోవచ్చు కదా అని దారి పొడవునా నన్ను అడుగుతూనే ఉంది. అన్నాళ్ళలో ఆ పిల్ల మొహాన కాస్త వెలుగు చూడటం అదే మొదలు. ఆటోలో ముందు కూర్చున్న పాపారావు ఒక్కసారి వెనక్కి తిరిగి, "చూశారా అండీ, ఎలాగో అలాగ దొరికించింది," అనబోయి, నా చూపు చూసి నోరు మూసుకున్నాడు.

వీరభద్రరావు రోడ్డు మీదే మా కోసం నిలబడి ఉన్నాడు. పెద్దాయన, సంఘం నాయకుడు. రామతులసి చేతి మీది పచ్చబొట్టు చూడగానే భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మీకు ఒక మాట చెప్పుకోవాలమ్మా," అన్నాడు. "మొహం లేదు. అధికారులొచ్చి, రాసుకుని, నిలవ ఉండేలా లేదు, ఇక్కడే పూడ్చేయమన్నారు. మేమే ఆపాం. వేటగాడి చెయ్యి అది, చూస్తే తెలుస్తాది. ఎవరో ఒకరు ఎతుక్కుంటా ఉంటారని చేపల ఐసు తెచ్చి చుట్టూ పోశాం. మా ఆడోళ్ళు వంతులేసుకుని కాపలా కూర్చున్నారు. అప్పుడే ఫోన్లో మీ కాగితం వచ్చింది. అందరం చూశాం. ఆ చేతి పక్కనే పెట్టి చూశాం. మీ కాగితంలో శిలువుంది, ఈయన చేతికి మొక్కుంది. మీవోడు కాదనుకున్నాం. మీవోడు కాకపోతే ఇంకెవరూ అడగలేదు. అందుకని పూడ్చేశాం. ఆ కాగితం రాకుండా ఉంటే ఇంకా ఆపేవోళ్ళమమ్మా."

రామతులసి నా వైపు చూడలేదు. పాపారావు వైపూ చూడలేదు. "ఏ చోట?" అని మాత్రం అడిగింది.

వీరభద్రరావు ముందు నడిచాడు. సరుగుడు చెట్ల అవతల నేల తెగిపోయి ఉంది. కొరికిన రొట్టెలా గట్టు విరిగి, సగం కూలిన సిమెంటు రోడ్డు గాల్లో వేలాడుతోంది. కింద సముద్రం కొట్టుకుంటోంది. ఆయన చెయ్యెత్తి నీళ్ళలోకి చూపించాడు. గట్టుకి చాలా దూరంగా, అల విరిగే చోటు అది.

"అక్కడమ్మా. మొన్న ముసురులో సముద్రం ఇక్కడిదాకా కోసేసింది. గుడి గోడ కూడా పోయింది."

రామతులసి సంచి రెండు చేతులతో పొట్టకి అదుముకుని చాలాసేపు అటే చూసింది. ఆ పిల్ల ఎక్కడ దూకుతుందోనని నేను ఆమె చీర కొంగు పట్టుకుని నిలబడ్డాను. పాపారావు ఇసకలో కూలబడి తల బాదుకుంటున్నాడు. ఆయన్ని తిట్టడానికి దారంతా నేను కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

చివరికి రామతులసి నా వైపు తిరిగింది. "అయితే మళ్ళీ తప్పిపోయినట్టే కదక్కా?" అంది. "మళ్ళీ కాగితం వెయ్యాలా? ఈసారి మీ ఇష్టం వచ్చిన ఫైల్లో వెయ్యండి. ఆకులన్నీ కనపడేలా వెయ్యండి."

ఇన్నాళ్ళ తరవాత ఏ ఒడ్డుకి కొట్టుకొచ్చినా, పచ్చబొట్టు చూడటానికి ఆ చేతి మీద చర్మం మిగలదు. అది నేను ఆ పిల్లతో అనలేకపోయాను.

"వేద్దామమ్మా," అన్నాను.